నోరు తెరిపించాక

జాముల్, దుర్గ్ జిల్లా

చిరంజీవి మేనకోడలికి,

నర్సింగ్ పోస్టింగులో నిన్ను జాముల్ వాడల్లోకి పంపుతున్నారనీ, ఆరోగ్య కార్యకర్త మితానిన్ అక్కతో ఇల్లిల్లూ తిరిగి ముప్పై దాటినవాళ్ల నోళ్లు చూసి ఫారాలు నింపాలనీ మీ అమ్మ చెప్పింది. ఆ పని నీకు చప్పగా ఉందట. ఐసీయూ ఎక్కడ, టార్చి పట్టుకుని నోట్లోకి తొంగిచూడడం ఎక్కడ అన్నావట. ఆ మాటకు జవాబుగానే ఈ ఉత్తరం. కాస్త పొడుగైతే ఓపిక పట్టు.

ఈ టార్చి పనికి మన శ్రీకాకుళం వైపు చాలా పాత చరిత్ర ఉంది. భిలాయి ఉక్కు కర్మాగారం కట్టేటప్పుడు అటునుంచి వలస వచ్చిన కుటుంబాల్లో ముసలమ్మలకు అడ్డపొగ అలవాటు ఉండేది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. గాలికి ఆరదు, ఎక్కువసేపు వస్తుంది, చంకలో పిల్ల మీద నుసి రాలదు అని వాళ్ల లెక్క. ఆ వేడంతా అంగిలికి తగిలేది. తీరాంధ్రలో అంగిలి క్యాన్సర్‌కు ఈ అలవాటే కారణమని 1957లోనే డి. జి. రెడ్డి, వి. కె. రావు అనే వైద్యులు వ్యాసం రాశారు. ఆ తర్వాత బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన దంత వైద్యుడు ఫలీ మెహతా, డెన్మార్క్‌కు చెందిన జెన్స్ పిండ్‌బోర్గ్ కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించారు. ఆ ఫలితాలు 1971లో అచ్చయ్యాయి. ఊళ్లో నోరు తెరిపించి చూసిన ఆ పనే ప్రపంచమంతా చదివే శాస్త్రమైంది.

చూసి ఊరుకోలేదు వాళ్లు. శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల్లో 36 వేల మందికి పైగా పొగాకు వాడేవాళ్లను ఏళ్ల తరబడి కలుస్తూ, మానమని చెబుతూ, మళ్లీ మళ్లీ నోళ్లు చూశారు. మాన్పించే ప్రయత్నం జరిగినవాళ్లలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు తగ్గాయని 1986లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. మందు లేదు, కత్తి లేదు. మాట చెప్పారు, తిరిగి వెళ్లి చూశారు, అంతే.

అడ్డపొగ ఇక్కడ దాదాపు పోయింది. దాని జాగాలోకి గుడాఖు వచ్చి కూచుంది. పొగాకు పొడి, బెల్లం మడ్డి కలిపి నూరిన ఆ నల్లటి ముద్దను తెల్లారగానే వేలితో పళ్లకు రాసుకోవడం ఛత్తీస్‌గఢ్ అంతటా ఉన్నదే. మనవాళ్లూ నేర్చుకున్నారు, ముఖ్యంగా ఆడవాళ్లు. ఇక్కడ నీకొక కిటుకు చెప్పాలి. ‘పొగాకు వాడతారా?’ అని అడిగితే ‘ఛీ ఛీ, లేదమ్మా’ అంటారు. అబద్ధం కాదు, గుడాఖును వాళ్లు పళ్లపొడి కింద లెక్కేస్తారు. అందుకని ‘పొద్దున్నే పళ్లు దేనితో తోముతారు?’ అని అడుగు. అలాగే ‘బుగ్గన ఏం పెట్టుకుంటారు, ఎంతసేపు ఉంచుతారు?’ అని అడుగు. 2016-17 జాతీయ పొగాకు సర్వేలో ఈ రాష్ట్రపు పెద్దవాళ్లలో నూటికి 39 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. అందులో పొగ తాగేవాళ్లు కొద్దిమందే, మిగతాదంతా నమిలేది, రాసుకునేది. ఒట్టి వక్కపొడే కదా అనేవాళ్లనూ వదలకు. పొగాకు కలవకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. నోటి లోపలి పొర గట్టిపడి, కారం తగిలితే భగ్గుమని, రాన్రాను నోరు తెరుచుకోకుండా పోయేది ఆ వక్కవల్లే.

జాముల్‌లో మరో మాట వినిపిస్తుంది. ‘సిమెంటు దుమ్ము, ప్లాంటు పొగ పీల్చేవాళ్లం, గుట్కా మానితే ఏమొస్తుంది?’ అని. కొట్టిపారేయకు. కోక్ ఓవెన్ల పైకప్పు మీద ఏళ్ల తరబడి పనిచేసిన అమెరికా ఉక్కు కార్మికుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు మామూలుకంటే పది రెట్లు ఉన్నాయని 1971లో పిట్స్‌బర్గ్ ప్రాంతపు అధ్యయనం చూపించింది. ఆ పని చేసినవాళ్లు ఉంటే ఫారంలో తప్పక రాయి. కానీ నోటి పుండు సంగతి వేరు. చిమ్నీ మీదకు నెట్టేస్తే జేబులోని పొట్లం జోలికి వెళ్లక్కర్లేదు కదా, అదీ ఆ మాటలోని సుఖం.

ఇక చూడడం ఎలాగో నీకు పాఠంలో చెప్పే ఉంటారు. కట్టుడు పళ్లు తీయించు. పెదవుల లోపల, రెండు బుగ్గలు, చిగుళ్లు, నాలుక అంచులు, నాలుక కింద, అంగిలి. తొందరలో అందరూ వదిలేసేది నాలుక కింద. తెల్లమచ్చ, అంతకంటే ప్రమాదమైన ఎర్రమచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు, కారణం లేకుండా కదిలే పన్ను, మెడలో గడ్డ. వాళ్ల మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పడుతున్నాయో లేదో చూడు. మొదట్లో నొప్పి ఉండదు. నొప్పి లేకపోవడమే మనుషుల్ని మోసం చేస్తుంది.

ఇంత చిన్న పని ప్రాణాలు కాపాడుతుందా అంటే, కాపాడింది. తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన పరీక్షలో పదమూడు పంచాయతీ సమూహాలను రెండు జట్లు చేశారు. మొత్తం 1,91,000 మందికి పైగా జనం. ఒక జట్టుకు మూడేళ్లకోసారి ఇంటికెళ్లి నోరు చూశారు, రెండో జట్టుకు మామూలు వైద్యమే. చూసినవాళ్లు డాక్టర్లు కారు, తర్ఫీదు పొందిన, డిగ్రీ చదివినవాళ్లు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయని రంగస్వామి శంకరనారాయణన్ బృందం 2005లో ప్రకటించింది. అలవాటు లేనివాళ్లతో కలిపి లెక్కిస్తే ఆ తేడా గట్టిగా నిలవలేదు. కాబట్టి నీ కాళ్ల సత్తువ గుడాఖు డబ్బా ఉన్న ఇళ్లకే ముందు ఖర్చు చెయ్యి.

అదే లెక్కల్లో అందరూ దాటేసే అంకె ఒకటుంది. మచ్చ ఉంది, ఆసుపత్రికి వెళ్లండి అని చెప్పించుకున్నవాళ్లు 5,145 మంది. వెళ్లినవాళ్లు 3,218. అక్షరాస్యత, ఆసుపత్రులు, బస్సులు అన్నీ ఉన్న కేరళలోనే నూటికి ముప్పై ఏడుమంది గడప దాటలేదు. నీ ఫారంలో ‘రిఫర్ చేయడమైనది’ అనే గడి నిండితే పని అయిపోయినట్టు కనిపిస్తుంది. ఆ గడి దగ్గరే అసలు పని మొదలవుతుందని మీ మావయ్య అభిప్రాయం.

ఎందుకు వెళ్లరు? ముక్క తీసి పరీక్షకు పంపితే రోగం పాకిపోతుందని భయం. అది నిజం కాదు, పాకేది ముక్క తీయడంవల్ల కాదు, ఆలస్యంవల్ల. ఠేకేదారు దగ్గర రోజు కూలి పోతుందని బెంగ. కూతురికి సంబంధాలు చూస్తున్నప్పుడు ఈ పేరు బయటికి రాకూడదని తల్లి గుట్టు. ఒక్కొక్కరిది ఒక్కో కారణం. పోస్టరు చూసి అవి తీరవు, నువ్వు రెండోసారి వెళ్లి కూచుంటే కొన్ని తీరతాయి.

వైద్యం గురించి అడుగుతారు, తెలుసుకుని ఉండు. ‘నోట్లో చిన్న పుండుకి మెడ దాకా కోయడమేంటి?’ అంటారు. బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో అనిల్ డిక్రూజ్ అనే సర్జన్ బృందం తొలిదశ నోటి క్యాన్సర్ రోగులను రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు మొదటి ఆపరేషన్‌లోనే మెడలోని గ్రంథులూ తీశారు. రెండో గుంపుకు గడ్డ తేలినప్పుడే తీశారు. మూడేళ్లకు మొదటి గుంపులో 80 శాతం మంది బతికున్నారు, రెండో గుంపులో 67.5 శాతం. 2015 నుంచీ దేశదేశాల సర్జన్లు ఈ లెక్కను చూపి మాట్లాడుతున్నారు.

మందుల కథలోనైతే మన మనిషే ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు స్ప్రూ వ్యాధికి సొంత సోదరులను పోగొట్టుకున్నాడు. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆ రోగానికి పనికొచ్చే విటమినే అది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ ఆమ్లపు రూపాలు ఇచ్చి చూస్తే రోగం ఇంకా పెరిగినట్టనిపించింది. అయితే దానికి అడ్డుపడే మందు ఇస్తే? సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ చేసి పంపింది. పదహారు మంది పిల్లల్లో పదిమంది కొంతకాలం కోలుకున్నారు. 1948 జూన్‌లో ఆ వ్యాసం వచ్చింది, ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. అమినోప్టెరిన్‌కు తమ్ముడి వరసైన మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది.

వాడుక అంటే ఎక్కడో కాదు, ఈ నోటి క్యాన్సర్‌లోనే. ముదిరిపోయి ఆపరేషన్‌కు లొంగని తల, మెడ క్యాన్సర్లకు టాటా మెమోరియల్‌లో మెథోట్రెక్సేట్‌తో సహా మూడు రకాల మాత్రలను తక్కువ మోతాదులో ఇస్తూ వచ్చారు. వాటికి నివోలుమాబ్ అనే రోగనిరోధక మందును మామూలు మోతాదులో దాదాపు ఆరు శాతం, అంటే మూడు వారాలకు 20 మిల్లీగ్రాములు మాత్రమే కలిపి చూశారు. 151 మందితో జరిగిన ఆ పరీక్షలో ఏడాదికి బతికున్నవాళ్లు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. రోగం నయమైందని కాదు, ఆయుష్షు పెరిగిందని. పూర్తి మోతాదు కొనలేని దేశం తన జేబుకు తగిన ప్రశ్న తనే వేసుకోవడం మీ మావయ్యకు కొత్త యంత్రాలకంటే గొప్పగా తోస్తుంది.

పరిశోధనలో చేరమని రోగిని ఎవరైనా అడిగితే ఆ కాగితం రోగి భాషలో చదివి వినిపించారా అని నువ్వు కనుక్కోవాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాను 2009లో ఖమ్మం జిల్లాలో వేల మంది ఆడపిల్లలకు ఒక ప్రదర్శన కార్యక్రమంగా వేశారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ తల్లిదండ్రులు పెట్టాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన ఫారాలు రెండు వేలకు పైగా బయటపడ్డాయి. మంచి టీకా, చెడ్డ సంతకాలు. తర్వాత ఏళ్ల తరబడి ఆ టీకా పేరెత్తితేనే జనం అనుమానంగా చూశారు.

రోగం ఖాయమై, ఆపరేషన్ అయ్యి, మనిషి ఇంటికొచ్చాక చాలామంది ‘గండం గడిచింది’ అనుకుంటారు. నువ్వు ఎక్కువగా వెళ్లాల్సింది అప్పుడే. కరెంటు (రేడియేషన్) పెట్టించడం వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాల దాకా సాగుతుంది. మూడో వారానికి నోరంతా పూసి, మింగలేక, ‘ఇక చాల్లే’ అని ఆపేస్తారు. మధ్యలో ఆపితే అంతదాకా చేసిందానికి ఫలం తగ్గుతుంది. ముక్కు గొట్టం పెట్టినా సరే పూర్తిచేయించాలి. పాడైన పళ్లు కరెంటుకు ముందే తీయించాలి. తర్వాత పీకిస్తే దవడ ఎముక మానకపోవచ్చు, అందుకని ఎన్నేళ్లయినా పళ్ల డాక్టరుకు ముందుగా ఆ సంగతి చెప్పాలని నేర్పు. నోరు బిగుసుకోకుండా ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పళ్ల మధ్య పెట్టి, కొన్నాళ్లకొక పుల్ల పెంచుతూ రోజుకు నాలుగైదుసార్లు సాగదీయించాలి. లాలాజలం తగ్గుతుంది కాబట్టి అన్నం జారుగా, చారుతోనో మజ్జిగతోనో. ఆవకాయ కొన్నాళ్లు పక్కన పెట్టాల్సిందే, దీనిమీద ప్రతి ఇంట్లోనూ ఒక తగువు తప్పదు.

కొన్ని ఇళ్లలో కంచం, గ్లాసు వేరు చేస్తారు. ఈ రోగం ఎంగిలివల్ల అంటదని అత్తగారికి వినపడేలా చెప్పు. అలాంటి ఇంట్లో వీలైతే నువ్వే ఆ గ్లాసుతో మంచినీళ్లు తాగు. దవడ తీసినవాళ్లు పెళ్లిళ్లకు రావడం మానేస్తారు, ఫోనెత్తరు, మాట అర్థం కాదని సిగ్గు. మాట సాధన చేయించే నిపుణులు పెద్దాసుపత్రుల్లో ఉంటారు, అడిగితేనే పంపుతారు, అందుకని అడిగించు.

తిరగబెట్టేది ఎక్కువగా మొదటి రెండేళ్లలో. అందుకే మొదటి ఏడాది నెలకో మూణ్ణెల్లకో చూపించుకోమంటారు. మెడకు కరెంటు పెట్టినవాళ్లకు థైరాయిడ్ పరీక్ష కూడా కావాలి. పుండు పోయినా అదే పొగాకు తగిలిన మిగతా నోరు అలాగే ఉంది, ఇంకో చోట కొత్తది రావచ్చు. ‘రావాల్సింది వచ్చేసింది, ఇక మానేసి ఏం లాభం’ అనేవాళ్లకు లాభం ఉందని చెప్పి, పొట్లం మీద అచ్చయ్యే 1800-11-2356 నంబరుకు నీ ఎదురుగానే ఫోను చేయించు.

చివరగా డబ్బు, ప్రయాణం. ఆయుష్మాన్ కార్డుంటే ఏడాదికి కుటుంబానికి ఐదు లక్షల దాకా పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో చెల్లుతుంది, పక్క రాష్ట్రాల్లోనూ. రాయ్‌పూర్‌లో అంబేద్కర్ ఆసుపత్రి క్యాన్సర్ విభాగం, ఎయిమ్స్ ఉన్నాయి. భిలాయి పవర్ హౌస్ స్టేషన్‌లో లోకల్ ఎక్కితే రోజూ వెళ్లిరావచ్చు. అన్నదమ్ములు అటే ఉన్నారని విశాఖ వెళ్తామంటే అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉంది, దుర్గ్‌లో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సరి. వైద్యానికి వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ రైలు ఛార్జీ లేదు, తోడెళ్లే ఒకరికి మూడొంతులు తగ్గింపు. దానికి ఆసుపత్రి సంతకం, ముద్ర వేసిన రైల్వే ఫారం ఉండాలి. చాలామందికి ఆ సంగతి తెలియక అప్పుచేసి టికెట్లు కొంటున్నారు. ఆ ఖాళీ ఫారాలు పది జిరాక్సు తీయించి నీ సంచిలో వేసుకుని వెళ్లు.

ఇట్లు,
మీ మావయ్య