‘యాక్సెప్ట్’ నొక్కితే ఇంగ్లిష్ వస్తుందా?

ప్రశ్న: సికింద్రాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెబుతున్నాను. మా దగ్గర తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలే ఎక్కువ. ఈమధ్య అసైన్‌మెంట్లన్నీ గ్రామర్లీ లాంటి గ్రామర్ చెకర్లలో వేసి, ఒక్క తప్పు లేకుండా తెస్తున్నారు. ఇంటర్నల్ పరీక్షలో మాత్రం పాత తప్పులే. ఈ చెకర్లను వద్దనాలా, వాడనివ్వాలా?
– ఒక అధ్యాపకురాలు, మారేడ్‌పల్లి

జవాబు: వద్దన్నా ఆగరు మేడమ్, ఫోన్ కీబోర్డులోనే దిద్దుడు ఉంటోంది. అది ఎక్కడిదాకా పనికొస్తుందో పిల్లలకు చూపించడమే మీ చేతిలో ఉన్నది.

‘ఐ యామ్ లివింగ్ ఇన్ అల్వాల్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అని రాస్తే చెకర్ ‘ఐ హావ్ బీన్ లివింగ్... ఫర్ ఫైవ్ ఇయర్స్’ అని మారుస్తుంది. మార్పు సరైనదే. కానీ మనకు ‘ఐదేళ్ల నుంచి’ అన్నా ‘2019 నుంచి’ అన్నా ఒకటే ‘నుంచి’. చిక్కంతా అక్కడుంది, అది చెప్పాల్సింది మీరు. చెప్పకపోతే కుర్రాడు యాక్సెప్ట్ నొక్కేసి, రేపు ఇంటర్వ్యూలో మళ్లీ సిన్స్ ఫైవ్ ఇయర్సే అంటాడు.

‘మై ఫాదర్ పుట్ ఎ హోటల్ నియర్ రేతిఫైల్’ అన్న వాక్యం చూడండి. కర్త, కర్మ, క్రియ అన్నీ కుదిరాయి కాబట్టి చెకర్ దాని జోలికి రాకపోవచ్చు. దాని వెనక ‘మా నాయన హోటల్ పెట్టిండు’ ఉందని, ఆ హోటల్లో గదులుండవు, చాయ్, ఇడ్లీయే ఉంటాయని మీకే తెలుసు. అదే పిల్లవాడు ఉజ్జయిని మహంకాళి జాతర గురించి రాస్తే ‘బోనం’ కింద ఎర్రగీత పడొచ్చు. భయపడి ఆ మాటే కొట్టేస్తాడు. కొట్టేయొద్దని ముందే చెప్పండి. వర్డ్‌లో భాషను ఇండియా ఇంగ్లిష్‌కు మార్చుకుంటే ‘కలర్’లో యు ఎందుకుందన్న గోలా ఉండదు.

అసలు దిద్దితే భాష వస్తుందా అన్న తగాదా ఈ యాప్‌లకంటే పాతది. రెండో భాషలో రాసేవాళ్ల వ్యాకరణం దిద్దడం దండగ, మానేయండని జాన్ ట్రస్కాట్ అనే పరిశోధకుడు 1996లో రాశారు. అంత తొందరెందుకు, ఏరి, స్పష్టంగా దిద్దితే ఫలితం ఉంటుందని 1999లో మరో పరిశోధకురాలు డానా ఫెరిస్ జవాబిచ్చారు. నేను ఫెరిస్ పక్షం. చెకర్ అన్నీ ఒకేసారి దిద్దిపారేస్తుంది, ఏరడం దానికి రాదు.

అందుకని మొదటి ప్రతి క్లాసులోనే చేత్తో రాయించండి. ఇంటి దగ్గర చెకర్‌లో వేసుకోనివ్వండి. అది చూపినవాటిలో మూడింటికి ఎందుకు మార్చారో, ఎందుకు మార్చలేదో పక్కన రాయమనండి, తెలుగులో రాసినా సరే. రెండు ప్రతులూ తీసుకుని, మార్కులు ఆ మూడు వివరణలకే వేయండి. ఒక వారం సిన్స్, ఫర్ చూస్తే చాలు. ఎ, ఏన్, ది మాత్రం తెలుగులో లేనివి, వాటికి ఏళ్లు పడుతుంది. వాటి మీద మార్కులు కోయకండి.

మీకు దగ్గర్లోనే, తార్నాకలో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఉంది. 1958లో అది పుట్టిందే ఇంగ్లిష్ టీచర్ల శిక్షణ కోసం. వాళ్ల కోర్సుల గురించి ఒకసారి కనుక్కోండి.

ప్రశ్న: ఏడో తరగతి చదివే మా బాబు డబ్బు కట్టి గ్రామర్ యాప్ తీసుకోమంటున్నాడు. తీసుకోనా?
– ఒక తండ్రి, బోయిన్‌పల్లి

జవాబు: వద్దండి. ఆ వయసుకు ఉచితంగా వచ్చేదే ఎక్కువ. ఆ డబ్బుతో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కథల పుస్తకాలు కొనివ్వండి, వాడినే ఏరుకోనివ్వండి. బేరం మాత్రం మీరు ఆడండి.