ముందు ఏం మిగిలిందో తేల్చండి, పీహెచ్ ఆ తర్వాతే

పీహెచ్ 3 ఉన్న ఎసిటిక్ ఆమ్లాన్నీ, పీహెచ్ 11 ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్నీ సమపాళ్లలో కలిపితే మిశ్రమం పీహెచ్ ఎంత వస్తుంది? ఇంటర్ విద్యార్థిని అడిగినా, ఎమ్మెస్సీ పూర్తిచేసి ఫార్మా కంపెనీల వాక్-ఇన్ ఇంటర్వ్యూలకు తిరుగుతున్న అభ్యర్థిని అడిగినా చప్పున వచ్చే జవాబు 7. మూడూ పదకొండూ కూడి సగం చేస్తే ఏడే కదా! ఎసిటిక్ ఆమ్లం స్థానంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటే ఆ జవాబు ఒప్పే. అయితే అది సగటు వల్ల వచ్చింది కాదు. రెండు ద్రావణాల్లోనూ లీటరుకు 0.001 మోల్ చొప్పున ఉండి, ఒకదానికొకటి సరిగ్గా చెల్లిపోవడం వల్ల వచ్చింది. ఎసిటిక్ ఆమ్లం సంగతి వేరు. అది బలహీన ఆమ్లం. ఈ గాఢతలో నూటికి రెండు అణువులైనా విడిపోవు. అంత తక్కువగా విడిపోతూ కూడా పీహెచ్ 3 చూపించాలంటే ఆ సీసాలో లీటరుకు దాదాపు 0.058 మోల్ ఆమ్లం ఉండి తీరాలి. దానికి ఎదురుగా వచ్చిన క్షారం 0.001 మోల్ మాత్రమే. ఆ క్షారమంతా ఖర్చయిపోయినా ఆమ్లం బోలెడు మిగులుతుంది, మిశ్రమం పీహెచ్ 3.3 దగ్గర ఆగుతుంది. ఏడుకీ మూడుంబావుకీ మధ్య తేడా చిన్న పొరపాటు కాదు. హైడ్రోజన్ అయాన్ల గాఢతలో అది కొన్ని వేల రెట్ల తేడా.

రసాయన శాస్త్రంతో బతుకుదెరువు వెతుక్కునే ప్రతి విద్యార్థికీ నేను చెప్పదలచింది ఈ ఒక్క ఉదాహరణలోనే ఉంది. పీహెచ్ లెక్క మొదలుపెట్టే ముందు ఏది దేనితో చర్య జరిపింది, ఎంత ఖర్చయింది, చివరికి పాత్రలో ఏయే పదార్థాలు ఎంతెంత ఉన్నాయి అని తేల్చుకోవాలి. షాపు కట్టేసే వేళ జమాఖర్చు రాసుకున్నట్టే ఇది. ఆ పద్దు సరిగా పడితే సూత్రం దానంతట అదే తోస్తుంది. పద్దు లేకుండా సూత్రం పట్టుకుంటే, ఎంత పెద్ద సూత్రమైనా తప్పు జవాబుకే చేరుస్తుంది. మన దగ్గర ఈ పాఠం ఇంటర్ మొదటి సంవత్సరంలోనే వస్తుంది. విచారం ఏమిటంటే చాలామంది దీన్ని పది పన్నెండు సూత్రాల జాబితాగా బట్టీపట్టి పరీక్ష కాగానే వదిలేస్తారు. మళ్లీ అదే పాఠం ఉద్యోగం ఇంటర్వ్యూలో ఎదురైనప్పుడు చేతిలో ఏమీ ఉండదు.

పద్దు ఎలా రాయాలో ఒక టైట్రేషన్ మీద చూద్దాం. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం 50 మిల్లీలీటర్లు తీసుకుంటే అందులో ఉన్నది 5 మిల్లీమోల్స్. బ్యూరెట్ నుంచి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 25 మిల్లీలీటర్లు వదిలితే 2.5 మిల్లీమోల్స్ క్షారం వచ్చి చేరింది. అది పూర్తిగా ఖర్చయి 2.5 మిల్లీమోల్స్ సోడియం అసిటేట్ పుట్టింది, మరో 2.5 ఆమ్లంగానే మిగిలింది. ఆమ్లం, దాని సంయుగ్మ క్షారం రెండూ ఉన్నాయంటే అది బఫర్. రెండూ సమానం గనక పీహెచ్ ఆ ఆమ్లం బలాన్ని సూచించే పీకేఏ విలువతో సమానం, అంటే 4.76. ఇంకో 25 మిల్లీలీటర్లు వదిలితే ఆమ్లం పూర్తిగా అయిపోయింది, క్షారమూ మిగల్లేదు. చాలామంది ఇక్కడ మళ్లీ 7 అని రాసేస్తారు. కానీ పద్దులో మిగిలింది నీరొక్కటే కాదు, 100 మిల్లీలీటర్లలో 5 మిల్లీమోల్స్ అసిటేట్ కూడా ఉంది. అసిటేట్ బలహీన క్షారం. నీటి నుంచి కొంచెం హైడ్రోజన్ అయాన్ లాక్కుని పీహెచ్‌ను 8.7కి తీసుకెళ్తుంది. అక్కడి నుంచి మరో 10 మిల్లీలీటర్లు పోస్తే మిగులు క్షారం 1 మిల్లీమోల్, మొత్తం ఘనపరిమాణం 110 మిల్లీలీటర్లు, పీహెచ్ దాదాపు 12. ఒకే గ్లాసులో మూడు దశలకు మూడు వేర్వేరు సూత్రాలు పనిచేశాయి. ఏ దశలో ఏది వాడాలో చెప్పింది మాత్రం పద్దే. ప్రాక్టికల్స్‌లో ఈ టైట్రేషన్‌కి ఫినాఫ్తలీన్ ఎందుకు, మిథైల్ ఆరెంజ్ ఎందుకు కాదు అన్న వైవా ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే దొరుకుతుంది. మొదటిది 8.2 నుంచి 10 మధ్య రంగు మారుతుంది. రెండోది 3.1 నుంచి 4.4 మధ్యే మారిపోతుంది, అప్పటికి ఆమ్లం సగం కూడా చెల్లదు.

ఏ ఉత్పన్నాలు వస్తాయో ముందే చెప్పడం ఇందులో మరింత విలువైన నైపుణ్యం. 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ విడివిడిగా చెప్పిన భావన ప్రకారం ఆమ్ల క్షార చర్య అంటే ప్రోటాన్ చేతులు మారడం. అది ఎప్పుడూ బలహీనమైన ఆమ్లం ఏర్పడే వైపే మొగ్గుతుంది. ఎంత మొగ్గుతుందో రెండు పీకేఏల తేడా చెబుతుంది. కార్బానిక్ ఆమ్లం పీకేఏ 6.35. ఎసిటిక్ ఆమ్లం 4.76 గనక సోడియం బైకార్బనేట్‌లో వేస్తే నురగలు వస్తాయి. ఫినాల్ పీకేఏ 10 దగ్గర గనక రావు. డిగ్రీ ల్యాబ్‌లో కార్బాక్సిలిక్ ఆమ్లాన్ని గుర్తించే పరీక్ష ఇదే, పరిశ్రమలో రెండు పదార్థాలను వేరుచేసే పద్ధతికి పునాదీ ఇదే. ఇంట్లో ఉన్న మందుల స్ట్రిప్పులు తిప్పి చూడండి: మెట్‌ఫార్మిన్ హైడ్రోక్లోరైడ్, డైక్లోఫినాక్ సోడియం, ఆమ్లోడిపిన్ బెసిలేట్. మందు అణువు క్షారమైతే దానికి తగిన ఆమ్లాన్ని, ఆమ్లమైతే తగిన క్షారాన్ని జతచేసి లవణంగా మార్చారన్నమాట. ఏ జోడీ నిలకడైన లవణం ఇస్తుందని ఫార్ములేషన్ విభాగంలో ఆలోచించేటప్పుడు మొదట చూసేది పీకేఏల మధ్య కనీసం రెండు మూడు యూనిట్ల తేడా ఉందా అనే. ఫాస్ఫారిక్ ఆమ్లం లాంటివైతే ఇంకా జాగ్రత్త కావాలి. మోల్‌కి మోల్ సోడియం హైడ్రాక్సైడ్ కలిపితే సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ వస్తుంది, రెండు మోల్స్ కలిపితే డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్. మొదటి ద్రావణం పీహెచ్ 4.7 ప్రాంతంలో, రెండోది 9.8 ప్రాంతంలో ఉంటాయి.

హైదరాబాద్ చుట్టూ జీడిమెట్ల, పాశమైలారం, పటాన్‌చెరు, విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీ: కెమిస్ట్రీ చదివిన తెలుగు పిల్లల్లో చాలామంది మొదటి ఉద్యోగం వెతుక్కునేది ఇక్కడే. నాణ్యత పరీక్షల విభాగమైన క్యూసీలో చేరినవాళ్లకు మొదట అప్పగించే పనుల్లో మందు నమూనాలను విశ్లేషించే హెచ్‌పీఎల్‌సీ మొబైల్ ఫేజ్‌కి బఫర్ తయారీ ఒకటి. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ తూచి, నీళ్లలో కరిగించి, ఆర్థోఫాస్ఫారిక్ ఆమ్లం చుక్కలతో పీహెచ్ 3.0కి తేవడం చూడటానికి చిన్న పనే. ఫాస్ఫారిక్ ఆమ్లం మొదటి పీకేఏ 2.15, రెండోది 7.20. కాబట్టి 3.0 దగ్గర ఈ బఫర్‌కి నిలబడే శక్తి ఉంది, 7 దగ్గరా ఉంది. మధ్యలో 4.7 దగ్గర దాదాపు లేదు. అక్కడ అసిటేట్ వాడాలి. పరీక్షిస్తున్న మందు పీకేఏ 4.5 అయి, మొబైల్ ఫేజ్ కూడా 4.5 దగ్గరే పెడితే, పీహెచ్ 0.1 జరిగినా అయనీకరణం 50 శాతం నుంచి 56 దాకా మారి పీక్ చోటు తప్పుతుంది. ఆమ్లం చుక్క ఎక్కువై పీహెచ్ దిగిపోతే కొందరు క్షారం వేసి పైకి తెస్తారు. మీటర్ మీద అంకె సరిపోతుంది గానీ ద్రావణంలో లవణం పెరిగిపోయింది, అది అసలు పద్ధతిలో రాసిన బఫర్ కానే కాదు. ఎందుకు కాదో చెప్పగలిగిన అభ్యర్థికీ, చెప్పలేని అభ్యర్థికీ మధ్య తేడా ఇంటర్వ్యూ చేసేవారికి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

అంతా మీటరే చెబుతున్నప్పుడు ఈ లెక్కలెందుకని చాలామంది వాదిస్తారు. బలమైన వాదనే, తీసిపారేయలేం. పీహెచ్ అనే కొలత పుట్టిందే పరిశ్రమ అవసరం నుంచి. 1909లో సోరెన్‌సెన్ దాన్ని ప్రతిపాదించింది కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు తయారీ సంస్థ ప్రయోగశాలలో. 1934లో ఆర్నాల్డ్ బెక్‌మన్ మీటర్ రూపొందించింది కాలిఫోర్నియా నిమ్మరసం పులుపు కొలవడానికి. అయితే మీటర్ చెప్పేది ఆ క్షణంలో స్వేచ్ఛగా ఉన్న హైడ్రోజన్ అయాన్ల సంగతే. ద్రావణం లోపల ఇంకా ఎంత ఆమ్లం దాగి ఉందో అది చెప్పదు. ఫ్యాక్టరీ వ్యర్థజలాన్ని శుద్ధిచేసే ఈటీపీలో రెండు ట్యాంకులున్నాయనుకుందాం, ఒక్కోదానిలో 10,000 లీటర్ల వ్యర్థజలం. మొదటిదానిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, మీటర్ రీడింగ్ 2. రెండోదానిలో 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం, రీడింగ్ 2.9. మీటర్‌ని నమ్మితే రెండోది తేలిక. పద్దు రాస్తే మొదటిదానిలో 100 మోల్స్ ఆమ్లం, దాన్ని చెల్లించడానికి 4 కిలోల కాస్టిక్ సోడా చాలు. రెండోదానిలో 1,000 మోల్స్, అంటే దాదాపు 40 కిలోలు కావాలి. బయటికి వదిలే నీటి పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలన్నది నిబంధన. రీడింగ్ చూసి డోసు వేసే ఆపరేటర్ ఆ నిబంధన దగ్గర తడబడతాడు.

భీమవరం, కైకలూరు, నెల్లూరు ప్రాంతాల ఆక్వా ల్యాబుల్లోనూ ఇదే పరిస్థితి. చెరువు నీటిలో మొత్తం అమ్మోనియా ఎంతుందో కిట్ చెబుతుంది, పీహెచ్ ఎంతో మీటర్ చెబుతుంది. రొయ్యను చంపేది అందులో అమ్మోనియం అయాన్‌గా మారకుండా మిగిలిన అమ్మోనియా. అమ్మోనియం పీకేఏ 25 డిగ్రీల దగ్గర 9.25. కాబట్టి పీహెచ్ 7.25 ఉన్న నీటిలో నూటికి ఒక వంతే విషపూరితం, 8.25 అయితే తొమ్మిది వంతులు, 9.25 అయితే సగానికి సగం. ఉప్పు, ఉష్ణోగ్రతలను బట్టి ఇవి కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ దిశ మారదు. ఎండ బాగా కాసిన మధ్యాహ్నం నీటిలోని ప్లాంక్టన్ కార్బన్ డయాక్సైడ్‌ని వాడేసుకుని పీహెచ్‌ను పైకి లాగుతుంది. అమ్మోనియా ఎక్కువగా ఉన్న చెరువులో ఆ వేళ పీహెచ్ పెంచే సున్నం చల్లమని రైతుకి చెప్పడం ఎంత ప్రమాదమో, ఈ చర్య ఎటు జరుగుతుందో ఊహించగలిగిన టెక్నీషియన్‌కే తెలుస్తుంది. లక్షల పెట్టుబడి ఆ మాట మీద ఆధారపడి ఉంటుంది.

ఫ్రెషర్లు రాతపూర్వక పని విధానమైన ఎస్‌ఓపీ తు.చ. తప్పకుండా పాటిస్తే చాలు, సొంతంగా ఆలోచించే పని లేదనే వాదనా ఉంది. పాటించాల్సిందే, సందేహం లేదు. క్యూసీలో సొంత ప్రయోగాలకు చోటు లేదు. కానీ ఫలితం స్పెసిఫికేషన్ దాటి ఓఓఎస్ వచ్చిన రోజున, కారణం రాయమన్న కాగితం ముందు ఎస్‌ఓపీ మౌనంగా ఉంటుంది. కాగితం మీది లెక్కలు నిజ ద్రావణాలకు సరిపోవని ఇంకొందరంటారు. ఇందులో కొంత నిజముంది. మీటర్‌ని క్యాలిబ్రేట్ చేసే ప్రామాణిక బఫర్లలో ఒకటి 0.025 మోలాల్ పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, అంతే డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ కలిసిన ద్రావణం. సమానంగా ఉన్నాయి గనక పాఠ్యపుస్తక సమీకరణం 7.20 ఇస్తుంది. సీసా మీద ఉండేది 6.86. అయాన్లు ఒకదాన్నొకటి ప్రభావితం చేయడం వల్ల వచ్చిన తేడా ఇది. సాధారణ లెక్క తెలిసినవాళ్లకే ఈ తేడా కనిపిస్తుంది, కనిపిస్తేనే దాని కారణం వెతుకుతారు. ఫోన్‌లో లెక్క చేసిపెట్టే సాధనాలకూ ఇదే వర్తిస్తుంది. ఏయే పదార్థాలు మిగిలాయో మనం సరిగా చెప్పకపోతే వాటి జవాబు సరైందో కాదో పట్టుకునే దారి ఉండదు.

పోటీ పరీక్షల విద్యార్థులు వేగం సంగతి అడుగుతారు. ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపర్లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, కెమిస్ట్రీవి 40. షార్ట్‌కట్ లేకపోతే ఎలా? మిల్లీమోల్స్‌లో పద్దు రాయడం అలవాటైతే ఆమ్లం, క్షారం, లవణం అనే మూడు నిలువు వరుసలకు అర నిమిషం పట్టదు. ఘనపరిమాణం మార్చినా, రెండు ఆమ్లాలు కలిపినా అదే పద్ధతి నడుస్తుంది. పీహెచ్ 2, పీహెచ్ 4 ఉన్న రెండు బలమైన ఆమ్లాలను సమానంగా కలిపితే 3 కాదు 2.3 అని వరుసలు చూస్తూనే చెప్పొచ్చు. ఐఐటీ జామ్, గేట్, సీఎస్ఐఆర్ నెట్‌లకు సిద్ధమయ్యేవాళ్లు దీనికి బహుప్రోటాన్ ఆమ్లాలనూ ఉష్ణోగ్రత ప్రభావాన్నీ జోడించుకోవాలి. 60 డిగ్రీల దగ్గర తటస్థ నీటి పీహెచ్ 6.5 అని తెలియక మార్కులు పోగొట్టుకోవడం సబబు కాదు.

బీఎస్సీ చదువుతున్నవాళ్లకు కాలేజీ ల్యాబే సరైన చోటు. బ్యూరెట్ నింపే ముందు 10, 25, 50, 60 మిల్లీలీటర్ల దగ్గర పీహెచ్ ఎంత రావాలో రికార్డు పుస్తకం పక్కన రాసుకోండి, తర్వాత మీటర్‌తో కొలవండి. తేడా వస్తే కారణం కూడా ఆ పక్కనే రాయండి: ద్రావణం గాఢత తప్పిందా, క్షారం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చిందా, ఎలక్ట్రోడ్ పాతదా. అసిటేట్, ఫాస్ఫేట్, అమ్మోనియా బఫర్లు మూడింటినీ ఒక్కోసారి సొంతంగా తయారుచేయండి. పీకేఏ విలువలు ఓ పది నోటికి రావాలి. ఎమ్మెస్సీలో ఎనలిటికల్ తీసుకున్నా, ఆర్గానిక్ తీసుకున్నా, బీఫార్మసీ వైపు వెళ్లినా, కాలుష్య నియంత్రణ మండలి పరీక్షలకో తాగునీటి ల్యాబ్ ఉద్యోగాలకో దరఖాస్తు చేసినా ఈ పనంతా చెల్లుబాటు అవుతుంది. వాక్-ఇన్‌కి వెళ్లేటప్పుడు ఆ రికార్డు పుస్తకం ఫైల్లో పెట్టుకోండి. మీరు రాసిన అంచనా, మీటర్ చూపిన రీడింగ్, తేడాకి మీరిచ్చిన కారణం పక్కపక్కనే ఉన్న పేజీ తెరిచి చూపిస్తే సంభాషణ అక్కడి నుంచి మీకు తెలిసిన విషయం మీదే నడుస్తుంది.