ఫోర్‌వీల్ డ్రైవ్: లివరు – బటను

బురదలో దిగబడిన వాహనాన్ని గట్టెక్కించేది ఇంజను బలం ఒక్కటే కాదు; ఆ బలం ఏ చక్రాలకు చేరుతున్నదన్నది ముఖ్యం. సాధారణ వాహనంలో రెండు చక్రాలే లాగుతాయి. తక్కిన రెండూ వాటిని అనుసరిస్తాయి. ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనంలో అవసరమైనప్పుడు నాలుగూ లాగుతాయి. ఇంజను శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే సాధనాన్ని ‘ట్రాన్స్‌ఫర్ కేసు’ అంటారు. దానిని పనిలోకి దించే పద్ధతులు ప్రధానంగా రెండు.

మొదటిది లివరు పద్ధతి. 1985లో మనదేశంలో విడుదలైన మారుతి జిప్సీ ఇందుకు ఉదాహరణ. గేరు రాడ్డు పక్కనున్న చిన్న లివరును కదిపితే, ఆ కదలిక ఇనుప కడ్డీల ద్వారా నేరుగా పళ్ళచక్రాలకు చేరుతుంది. రెండవది బటను పద్ధతి. బటను నొక్కగానే విద్యుత్ సంకేతం నియంత్రణ పరికరానికి వెళ్ళి, అక్కడి నుండి చిన్న మోటారును కదిలిస్తుంది. ఇందులో శ్రమ తక్కువ.

కొత్త వాహనంలో రెండూ చక్కగానే పనిచేస్తాయి. భేదం బయటపడేది పాతబడిన తరువాతనే. లివరుకు తుప్పు, అరుగుదల శత్రువులు. అది బిగుసుకుపోయినా, వదులైనా డ్రైవరు చేతికే తెలుస్తుంది. బటను పద్ధతిలో తీగ తెగినా, కనెక్టరులో నీరు చేరినా, మోటారు చెడినా పని ఆగిపోతుంది. కారణం మాత్రం కంటికి కనపడదు. మరమ్మతుకు నిపుణుడు కావాలి.

కావున పాత వాహనం కొనేవారు పరీక్షించక తప్పదు. ఆ పరీక్ష ఇసుకనేలపైనో, వదులు మట్టిపైనో జరగాలి. మలుపులో ముందు, వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి. వదులు నేలపై చక్రాలు కొద్దిగా జారి ఆ తేడాను సర్దుకుంటాయి; పొడి తారురోడ్డుపై జారలేక, ఆ ఒత్తిడి పళ్ళచక్రాలపై పడుతుంది. తరువాత బండిని ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, ‘లో రేంజి’కి మార్చాలి. అప్పుడు ఇంజను మోత హెచ్చి, బండి మెల్లగా, బలంగా కదలాలి. దీపం వెలగడం ఒక్కటే నిదర్శనం కాదు.

సుజుకి సంస్థ మూడవతరం జిమ్నీలో కొంతకాలానికి బటను ప్రవేశపెట్టి, 2018లో వచ్చిన నాలుగవతరంలో తిరిగి లివరునే అమర్చింది. కొత్తదైనంత మాత్రాన మేలైనది కాదు. పాతదైనంత మాత్రాన నమ్మదగినదీ కాదు. వర్షపు రాత్రి కొండదారిలో బయటపడే లోపాన్ని, కొనుగోలునాడే పగటివెలుగులో గుర్తించడం వివేకం.

ప్రశ్నలు
1. ట్రాన్స్‌ఫర్ కేసు చేసే పని ఏమిటి?
2. పొడి తారురోడ్డుపై ఫోర్‌వీల్ డ్రైవ్‌ను ఎందుకు పరీక్షించరాదు?
3. లివరు, బటను పద్ధతుల గుణదోషాలను సరిపోల్చండి.