స్నాక్స్ బాక్సులో తూనీగ



"మావాడికి ఈ పురుగుల పిచ్చి మాన్పించండి మేడమ్, స్నాక్స్ బాక్సులో తూనీగల్ని పెట్టుకుంటున్నాడు" అని మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారు అడిగారు. సరేనన్నాను. ఆ బాబు ఇంగ్లిష్ పీరియడ్‌లో అసలు నోరు విప్పడు.

తర్వాతి వారం క్లాసులో రోల్డ్ డాల్ కథ 'జేమ్స్ అండ్ ది జెయింట్ పీచ్' చెప్పాను. 1961లో వచ్చిన పుస్తకం. గయ్యాళి అత్తల దగ్గర బాధలు పడే జేమ్స్, మిడత, జెర్రి, సాలీడు, వానపాములతో కలిసి పెద్ద పీచ్ పండులో అట్లాంటిక్ దాటి న్యూయార్క్ చేరతాడు. పీచ్ అంటే జామకాయ కాదని చెప్పడానికే పది నిమిషాలు పట్టింది!

అప్పుడు వెనక బెంచీ నుంచి, "మిస్, స్పైడర్ నాట్ ఇన్సెక్ట్. ఎయిట్ లెగ్స్." ఈ ఏడాది వాడి మొదటి ఇంగ్లిష్ మాట. గ్రామర్ దిద్దలేదు.

నిజమే, కీటకానికి ఆరు కాళ్లే. మన పెనుగొండ వరిచేల మీద ఎగిరే తూనీగల్లో ఒక రకం ఉంది. రెండంగుళాలు కూడా ఉండదు. అది మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా వెళ్తుందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. తూనీగ పిల్లలు నీళ్లలో ఉండి దోమ పిల్లల్ని తింటాయి కూడా. ఈ మాటలు వినగానే వాడు బాక్సు మూత తీసి, కిటికీలోంచి తూనీగను వదిలేశాడు.

అమ్మగారూ, బాక్సు వేడినీళ్లతో కడిగి పంపండి. పిచ్చి మాత్రం నేను మాన్పించలేను.