ఎవరిని అడుగవలెను? ఏమని అడుగవలెను?

ఎన్.టి.ఆర్. జిల్లాలోని తిరువూరు ప్రాంతము మామిడితోటలకు పేరు పొందినది. ఇచ్చటి ఒక గ్రామమున మహిళా పొదుపు సంఘమువారు అప్పు తెచ్చి మామిడితాండ్ర తయారు చేయ తలపెట్టిరనుకొందము. అప్పునకు ముందు వారు తెలిసికొనవలసిన దొకటి కలదు. ఆ తాండ్రను ఎవరు కొందురు? ఎంత కొందురు? ఏ ధరకు కొందురు? బస్టాండు వద్ద పదిమంది నడిగి, అందరును కొందుమనుచున్నారని తృప్తి పడినచో, సంఘముయొక్క పొదుపు సొమ్ము నీటిపాలు కావచ్చును. ఇట్టి ప్రశ్నలకు నమ్మదగిన సమాధానము రాబట్టు విద్యయే మార్కెట్ సర్వే. నేడది ఒక వృత్తి. మన గ్రామ విద్యార్థులు అందులకు ఎట్లు సిద్ధపడవలెనో పంచాయతీ సభ్యులకు ఈ పాఠమున తెలుపుచున్నాము.

ఇండ్ల ఎంపిక

అన్నము ఉడికినదో లేదో ఒక మెతుకు పట్టి చూచిన తెలియును. కాని గ్రామము అన్నపు కుండవంటిది కాదు. మోతుబరి రైతుల వీథి వేరు, కూలివారి పేట వేరు. కావున ఏ యింటికి పోవలెనన్నది అడుగువాని ఇష్టమునకు విడువరాదు. గ్రామమున 600 ఇండ్లున్నచో, వాని నన్నిటిని వరుస సంఖ్యలతో జాబితా వ్రాయవలెను. 1 మొదలు 10 వరకు చీట్లు వేసి ఒకటి తీయవలెను. 4 వచ్చినచో 4, 14, 24 ఇట్లు ప్రతి పదవ యిల్లు ఎంచిన 60 ఇండ్లు తేలును.

ఎంచిన ఇంటికి తాళమున్నచో ప్రక్కయింటి వారి నడిగి రారాదు. సాయంకాలము మరల పోవలెను. ఏలనన, పగలు తాళముండునది తరచు కూలికి పోయినవారి ఇల్లు. దానిని విడిచినచో వారి మాట లెక్కకు రాకుండ పోవును.

ప్రశ్నల కూర్పు

"మా తాండ్ర కొందురు కదా?" అని అడిగిన, మొగమాటముచేత ఎవరైనను కొందుమనియే చెప్పుదురు. "గడచిన వేసవిలో మీ యింట తాండ్ర కొన్నారా? ఎంత కొన్నారు? ఏమి వెల యిచ్చినారు?" అని జరిగిన దానిని అడిగిన నిజము తెలియును. ప్రశ్నలను ముందుగా కొన్ని ఇండ్లలో పరీక్షించి, అర్థము కాని మాటలను మార్చవలెను. చెప్పినవారి పేర్లు బయట పెట్టరాదు.

మన ప్రాంతపు బడులనుండి

గణాంకశాస్త్రమున ప్రపంచఖ్యాతి గడించిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920లో జన్మించిరి. బాల్యమున నూజివీడు, నందిగామలలో చదివిరి. ఈ రెండును తిరువూరునకు దూరపు ఊళ్లు కావు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, ఉద్యోగము వెదకుచు కలకత్తా వెళ్లి, 1941లో భారత గణాంక సంస్థలో శిక్షణకు చేరిరి. దానిని 1931లో స్థాపించినవారు ప్రశాంతచంద్ర మహలనోబిస్‌గారు. 1950లో జాతీయ నమూనా సర్వే ఆరంభమైనది కూడ వారి కృషివలననే. రావుగారికి 2001లో పద్మవిభూషణ్, 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి లభించినవి. ఆ సంవత్సరమే వారు పరమపదించిరి.

విద్యార్థుల సన్నాహము

ఈ వృత్తి కోరువారు ఇంటర్మీడియట్‌లో గణితము విడువరాదు. పిదప గణాంకశాస్త్రము ఒక పాఠ్యాంశముగా డిగ్రీ చదువుట మేలు. భారత గణాంక సంస్థలో బి.స్టాట్. చదువునకు ప్రవేశ పరీక్ష కలదు. డిగ్రీ పిదప యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ జరుపు ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసు పరీక్షకు పోవచ్చును. వస్తువుల గిరాకీని విచారించు ప్రైవేటు సంస్థలలోను ఉద్యోగములు కలవు. కంప్యూటరుపై పట్టికలు వేయ నేర్వవలెను. అన్నిటికి మించి, ఎదుటివారు చెప్పునది ఓపికతో విని, విన్నది విన్నట్లు వ్రాయు అలవాటు కావలెను.

పంచాయతీ చేయదగినది

సెలవులలో విద్యార్థులచేత కుళాయి నీటి గురించియో, సంత అవసరముల గురించియో ఒక చిన్న సర్వే చేయింపుడు. వారికి విద్య, పంచాయతీకి వివరము, రెండును లభించును.

మరియొక మాట. పంటకోత ప్రయోగమునకు అధికారి వచ్చినపుడు, నియమము ప్రకారము ఎంపికైన చేనునే చూపుడు. ఊరి గొప్పకై ఏపుగా పెరిగిన చేను చూపినచో, గ్రామపు దిగుబడి లేనంత ఎక్కువగా నమోదగును. ఆ లెక్కపై బీమా పరిహారము నిర్ణయించునపుడు, పంట పోయిన రైతునకు రావలసినది తగ్గును. మనము చూపిన గొప్ప పొరుగువాని నోటికాడి కూడు తీయరాదు.