కథలో సెల్‌ఫోను సందేశములను కూర్చు విధము

మన విద్యార్థులలో కథలు వ్రాయువారు కొందఱు గలరు. ఈ కాలమున పుస్తకమును స్వయముగా ప్రకటించుకొనుట సులభమే గాని, అట్టి రచయిత తానే కంపోజిటరును, తానే ప్రూఫులు దిద్దువాడును కావలసి యుండును. నేటి కథలలోని పాత్రలు సెల్‌ఫోనులో సందేశములు పంపుకొనక మానరు. వానిని పుటపై నెట్లు కూర్పవలెనో యించుక విచారింతము.

ఈ చిక్కు కొంత పాతదే. ఇంగ్లీషున సామ్యూల్ రిచర్డ్‌సను 1740లో ప్రకటించిన 'పమేలా' నవల చాలవఱకు జాబులతోనే నడచును. బ్రామ్ స్టోకరు 1897లో ప్రకటించిన 'డ్రాకులా'లో జాబులు, దినచర్యలు, తంతులు కలసి యున్నవి. తంతికి పైన ఎవరు ఎవరికి పంపిరో తెలుపు శీర్షిక యుండును. అది వట్టి అలంకారము కాదు. వాన్ హెల్సింగను వైద్యుడు, రోగియైన లూసీ యింట ఆ రాత్రి తప్పక ఉండుమని సీవర్డునకు తంతి నిచ్చును. చిరునామాలో జిల్లాపేరు లేనందున అది వేఱొక జిల్లాకు పోయి, 22 గంటలు ఆలస్యముగా చేరును. ఆ రాత్రియే లూసీకి ఆపద వాటిల్లును. ఆ యాలస్యము చదువరికి తెలియునది తంతి తలపై నున్న రెండు ముక్కల వలననే.

సెల్‌ఫోను సందేశములకు సంభాషణమునకు లేని గుణ మొకటి కలదు. ఎదురెదురుగా మాటాడునప్పుడు ఒకరి తరువాత నొకరు పలుకుదురు; కావున పేర్లు లేకున్నను చదువరి పోల్చుకొనును. సందేశములలో నన్ననో, ఒకరే వరుసగా మూడు పంపవచ్చును. ప్రశ్నయు జవాబును దారిలో నొకదానినొకటి దాటిపోవచ్చును. చూడుడు:

9-10 అక్క: నాన్నకి జ్వరం తగ్గిందా?
9-11 అక్క: నేను రేపే బయల్దేరనా?
9-14 అక్క: పోనీ, పండుగదాకా ఆగనా?
9-14 తమ్ముడు: ఆఁ, అలాగే చెయ్యక్కా.

తమ్ముడు ఔనన్నది రేపు బయలుదేరుటకు. ఆమె మూడవ ప్రశ్న అతడు వ్రాయుచుండగా వచ్చిపడినది. అంకెలు తీసివేసినచో పండుగవఱకు ఆగుమన్నాడనియే చదువరి యెంచును. తండ్రి కడచూపు ఆమెకు దక్కుటయు దక్కకపోవుటయు ఆ నిమిషపు అంకె మీద నిలిచి యున్నది. అట్టి పని లేనిచోట ప్రతి సందేశమునకును గడియారము తగిలించుట విసుగు.

కూర్పు ఇంతకంటె ఆడంబరముగా నుండ నక్కఱలేదు. పంక్తి మొదట పేరు, అంచునుండి కొంత ఎడము, సందేశములకు ముందు వెనుకల నొక్కొక ఖాళీ పంక్తి చాలును. కొందఱు ఫోను తెఱనే బొమ్మగా దింపి, రంగుల బుడగలతో అచ్చువేయింతురు. నలుపు తెలుపుల ముద్రణమున పచ్చబుడగయు నీలిబుడగయు బూడిదరంగే యగును. ఎలక్ట్రానిక్ పుస్తకమున చదువరి అక్షరములను పెద్దవి చేసికొన్నను, బొమ్మలోని యక్షరములు వానితో పెరుగవు. చూపులేనివారు పుస్తకమును యంత్రముచేత చదివించుకొని విందురు. వారికి కుడి యెడమల భేదము వినబడదు, పేరు వినబడును.

తెలుగున మఱొక జాగ్రత్త వలయును. ఇంగ్లీషు పుస్తకములను చూచి సందేశములను వాలు అక్షరములలో కూర్పకుడు. మన యక్షరములు గుండ్రనివి. కంప్యూటరు వానిని బలవంతముగా వంచినచో గుడులును ఒత్తులును కంటికి చిక్కుపడును. అక్షర పరిమాణమును తగ్గించినను పంక్తుల నడిమి ఎడమును మిక్కిలి తగ్గింపరాదు. పై పంక్తి ఒత్తు క్రింది పంక్తి గుడిని తాకును.

మనవారు పలువురు తెలుగు మాటలను ఇంగ్లీషు లిపిలో పంపుదురు. సాధారణ ఫోను సందేశమున ఇంగ్లీషక్షరములు 160 పట్టగా, తెలుగు గుర్తులు 70 మాత్రమే పట్టును. 'స్త్రీ' యను నొక్క యక్షరమే ఆఱు గుర్తుల చోటు తినును. పుస్తకమున నట్టి యిఱుకు లేదు. పాత్రస్వభావమునకు అవసరమైన ఒకటి రెండు సందేశములను అట్లే యుంచి, తక్కినవి తెలుగు లిపిలోనే అచ్చువేయుట మేలని నా తలంపు. పాత్ర చేసిన అక్షరదోషమును సైతము కథకు పనికివచ్చునేని యుంచవచ్చును. కాని ప్రూఫులు చూచు మిత్రునికి ముందుగా చెప్పనిచో అతడు దయతో దానిని దిద్దివేయును.