కడుపు మీద సంచి, గుడిలో చోటు



ఈ వారం పాఠం కొంచెం మొహమాటం కలిగించేది. అన్నం తింటూ పత్రిక చదివే అలవాటున్నవారు చెయ్యి కడుక్కున్న తర్వాత చదవండి. చదవడం మాత్రం మానవద్దు. పిల్లలున్నారని పేజీ మడిచి దాచనూ వద్దు, వాళ్ళకీ తెలియాలి.

మా విచారణలో ఒక పెద్దమనిషి ఉన్నారు. రిటైరైన బడిపంతులు. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆదివారం మొదటి పూజకు ముందు వరుసలో కూర్చునేవారు. పాటల పుస్తకం చూడకుండానే పాటలన్నీ పాడేవారు. తర్వాత కనిపించడం మానేశారు. ఒక నెల, రెండు నెలలు, అలా ఏడు నెలలు గడిచాయి. విచారణ సంఘం ఎన్నికల్లో ఏవో మాటలు వచ్చాయని విన్నాను గనుక, అలిగారనుకున్నాను. అలిగినవాళ్ళే వస్తారులే అని నేనూ ఊరుకున్నాను. ఆ తప్పు నాదే.

క్రిస్మస్‌కు ముందు ఇళ్ళ దీవెనలకు వెళ్ళినప్పుడు అసలు సంగతి బయటపడింది. పంతులుగారికి పురీషనాళంలో కేన్సర్ వచ్చింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి, ఆ భాగాన్ని మలద్వారంతో సహా తీసివేసి, పెద్దపేగు కొసను పొట్టమీదికి తెచ్చి కుట్టారు. ఇప్పుడు మలం అక్కడినుండి వచ్చి, పొట్టకు అతికించిన సంచిలో పడుతుంది. నేను కుర్చీ దగ్గరికి జరుపుకోబోతే, "కొంచెం దూరంగా కూర్చోండి ఫాదర్ గారూ, వాసన వస్తుందేమో" అన్నారు. ఏ వాసనా లేదు.

ఆపరేషన్ అయిన మూడో నెలలో ఆయన ఒక్కసారి పూజకు వచ్చారట. ప్రసంగం నడుస్తుండగా సంచి నిండినట్టు తెలిసింది. గుడి వెనక మరుగుదొడ్డికి వెళ్తే తాళం. తాళంచెవి నా గదిలో, నేను పీఠం దగ్గర. కండువా పొట్టకు అదిమి పట్టుకుని ఇంటికి నడిచి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. ఆ రోజు నేను దేనిమీద ప్రసంగించానో నాకు గుర్తులేదు. తప్పిపోయిన గొర్రె గురించి కాకుంటే బాగుండును.

అసలు విషయానికి వద్దాం. శరీరంలోని మలమూత్రాలు బయటికి రావడానికి పొట్టమీద చేసే కొత్త దారిని 'ఆస్టమీ' అంటారు. పెద్దపేగును తెస్తే కొలోస్టమీ, చిన్నపేగును తెస్తే ఇలియోస్టమీ, మూత్రానికైతే యూరోస్టమీ. బయటికి కనిపించే పేగు కొసను 'స్టోమా' అంటారు. అది పెదవి లోపలి భాగంలా ఎర్రగా, తడిగా ఉంటుంది. తాకితే నొప్పి తెలియదు. తుడిచేటప్పుడు చుక్క రక్తం కనిపిస్తే భయపడనక్కరలేదు. నల్లబడితే మాత్రం వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. దానికి బిగించి పట్టే కండరం లేదు గనుక, ఎప్పుడు వస్తుందనేది మనిషి చేతిలో ఉండదు. అందుకే సంచి. మూడోవంతు నుండి సగం వరకు నిండగానే ఖాళీ చేసుకోవాలి. సరిగా అతుక్కున్న మంచి సంచి వాసనను బయటికి రానివ్వదు. వాసన వచ్చిందంటే ఎక్కడో అంచు ఊడిందన్నమాట, లేదా ఆ మనిషికి మంచి సంచి కొనే స్తోమత లేదన్నమాట.

ఇది కేన్సర్ రోగులకే పరిమితం కాదు. టైఫాయిడ్ ముదిరి పేగుకు చిల్లుపడినవారికి, పేగు క్షయ వచ్చినవారికి, లారీ ప్రమాదంలో పొట్ట చీరుకుపోయినవారికి, మలద్వారం లేకుండా పుట్టిన పసిబిడ్డలకు కూడా పెడతారు. కొందరికి కొన్ని నెలలు మాత్రమే, తర్వాత మూసేస్తారు. కొందరికి జీవితాంతం.

మన విశ్వాసులు చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాను. 1981 మే 13న పునీత పేతురు గారి బసిలికా ఆవరణలో జగద్గురువులు రెండవ జాన్ పాల్ పోపుగారి మీద కాల్పులు జరిగాయి. గుండు పొట్టలో దూరి పేగుల్ని చీల్చింది. రోములోని జెమెల్లి ఆసుపత్రిలో ఐదు గంటలకు పైగా ఆపరేషన్ చేసి, పేగులో కొంత భాగం తీసివేసి, కొలోస్టమీ పెట్టారు. దాన్ని మూసింది ఆగస్టు 5న. అంటే 12 వారాలపాటు పునీత పేతురు వారసులు కడుపు మీద సంచితో ఉన్నారు. గుండు గురించి, ఆ రోజు ఫాతిమా మాత పండుగ కావడం గురించి మనం ఎన్నో ప్రసంగాలు చేశాం. సంచి మాట ఎవరమూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు, ఆత్మ దేహంలో ఉండడమంటే పడవలో సరంగు ఉన్నట్టు కాదని, దేహం, ఆత్మ కలిసిందే మనిషి అని పునీత తోమాసు అక్వినాసు గారి వాదాన్ని బట్టీపట్టి పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నాం. కానీ ఆ దేహంలో పేగులు కూడా ఉంటాయని మాకు తట్టలేదు. ఈ సిగ్గువల్ల రెండు నష్టాలు జరుగుతున్నాయి. జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది. బయటపడ్డాక మనిషి ఇంట్లో దాక్కుంటాడు.

మొదటిదానికి పంతులుగారే ఉదాహరణ. ఆయనకు దాదాపు ఏడాదిపాటు విరేచనంలో రక్తం పడింది. మొలలనుకున్నారు. బస్టాండు దగ్గర 'ఆపరేషన్ లేకుండా మొలలకు చికిత్స' అన్న బోర్డు చూసి అక్కడ మందు వేయించుకున్నారు. కొన్నాళ్ళు తగ్గినట్టే అనిపించింది. మళ్ళీ పడింది. భార్యకు కూడా చెప్పలేదు. "ఆడమనిషికి ఇదేం చెప్పను?" అన్నారు నాతో. నలభై ఏళ్ళు కాపురం చేసిన భార్య ఆమె!

రక్తం పడినవారందరికీ కేన్సర్ ఉండదు. చాలామందికి అది మొలలే కావచ్చు. కానీ మొలలని తేల్చవలసింది డాక్టరు, మనం కాదు. మలంలో రక్తం, కొన్ని వారాలుగా విరేచనం తీరు మారడం (ఎన్నడూ లేని మలబద్ధకం గానీ, పదేపదే వెళ్ళవలసి రావడం గానీ), వెళ్ళివచ్చినా ఇంకా మిగిలి ఉన్నట్టుండడం, మలం సన్నగా రావడం, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిని అశ్రద్ధ చేయవద్దు. ఇంకొకటి: మగవారిలో గానీ, నెలసరి ఆగిపోయిన స్త్రీలలో గానీ రక్తహీనత కనిపిస్తే, ఐరన్ మాత్రలు మింగి ఊరుకోకూడదు. రక్తం ఎక్కడ పోతున్నదో వెతికించాలి. పురీషనాళంలోని గడ్డ చాలాసార్లు డాక్టరు వేలికే తగులుతుంది. రెండు నిమిషాల పరీక్ష. దానికి ఒప్పుకోక రోగులు లేచి వచ్చేస్తున్నారని ఒక సర్జన్ నాతో అన్నారు.

ప్రపంచంలో 2022లో సుమారు 19 లక్షలమందికి ఈ పెద్దపేగు, పురీషనాళ కేన్సర్ కొత్తగా వచ్చింది, సుమారు 9 లక్షలమంది దీనితో చనిపోయారు. మన దేశంలో పాశ్చాత్య దేశాలకన్నా తక్కువే. కానీ ఇక్కడ చిన్న వయసువారిలోనూ కనిపిస్తున్నది, ముదిరాక బయటపడుతున్నది. మన దేశంలో ప్రభుత్వం ఊరూరా చేయించే కేన్సర్ పరీక్షల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి గానీ పెద్దపేగు లేదు. కాబట్టి జాగ్రత్త మనదే. ఈ కేన్సర్ ఎక్కువగా పేగు గోడమీద మొలిచే 'పాలిప్' అనే చిన్న కండనుండి, ఏళ్ళ తరబడి, నెమ్మదిగా తయారవుతుంది. కొలొనోస్కోపీ అనే గొట్టపు పరీక్షలో దాన్ని చూసి అక్కడే తీసేయవచ్చు. తల్లి, తండ్రి, తోడబుట్టినవారిలో ఎవరికైనా ఈ జబ్బు వచ్చి ఉంటే, నలభై ఏళ్ళు రాగానే, లేదా వారికి వచ్చిన వయసుకు పదేళ్ళు ముందుగానే, డాక్టరును అడగండి. పొగ, సారా దీనికి తోడ్పడతాయి. ఈ మాట ప్రతి ఏడాదీ చెబుతూనే ఉన్నాను. క్రిస్మస్ మర్నాడు వీధుల్లో సీసాలు ఏరుతూనే ఉన్నాం.

రెండవ జాన్ పాల్ గారి విషయం ఇంకా పూర్తికాలేదు. 1992 జూలైలో అదే జెమెల్లి ఆసుపత్రిలో ఆయన పెద్దపేగునుండి పెద్ద కణితిని తీశారు. చాలావరకు అపాయం లేనిదే గానీ, కొన్నిచోట్ల కణాలు మారడం మొదలైందని వైద్యులు చెప్పారు. సమయానికి తీయడంవల్ల ఆ తర్వాత దాదాపు 13 ఏళ్ళు, 2005 వరకు, తిరుసభను నడిపించారు. వ్యాధిగ్రస్తుల ప్రపంచ దినాన్ని స్థాపించింది కూడా ఆయనే. మొదటిసారి 1993 ఫిబ్రవరి 11న జరిగింది.

ఇక రెండో నష్టం, దాక్కోవడం. ఇక్కడే మన విచారణల పని ఉంది.

1954లో డెన్మార్క్‌లో ఎలీస్ సోరెన్‌సెన్ అనే నర్సు ఉండేవారు. ఆమె సోదరికి ఇలాంటి ఆపరేషనే అయ్యింది. నలుగురిలో కారిపోతుందేమోనని ఆ సోదరి ఇల్లు కదలడం మానేసింది. అది చూడలేక ఎలీస్ గారు చర్మానికి అతుక్కునే ప్లాస్టిక్ సంచిని ఆలోచించారు. నేటి సంచులన్నీ ఆ తోవలో వచ్చినవే. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో డాక్టర్ రూపర్ట్ టర్న్‌బుల్ గారు, తాను ఇలియోస్టమీ చేసిన నోర్మా గిల్ అనే రోగినే 1958లో తన ఆసుపత్రిలో పనిలోకి తీసుకున్నారు, తోటి రోగులకు నేర్పడానికి. ఈ పనికే ప్రత్యేకించిన చికిత్సకురాళ్ళలో ప్రపంచంలో ఆమె మొదటివారు. సంచి మోసే మనిషికి సంచి మోసిన మనిషి చెప్పినంత బాగా ఇంకెవరు చెప్పగలరు? మన దేశంలో ముంబైలోని ఆస్టమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఇలాంటివారికోసం పనిచేస్తున్నది.

మార్కు సువార్త ఐదవ అధ్యాయంలో పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ గుర్తుంది కదా. ధర్మశాస్త్రం ప్రకారం ఆమె అశుద్ధురాలు. అందుకే వెనకనుండి వచ్చింది, ఎవరికీ తెలియకుండా. ప్రభువు ఆమెను అలాగే వెళ్ళిపోనివ్వలేదు. అందరి ముందు కూతురిగా పిలిచి పంపారు. అయితే మనం ప్రభువులం కాము. కనుక ఎవరినీ మైకు ముందుకు లాగి సాక్ష్యం చెప్పించవద్దు. ఆ సంచి సంగతి చెప్పాలో వద్దో వారి ఇష్టం. "ఏ పాపం చేశారో" అనే గుసగుసలు యోబు స్నేహితులతోనే ఆగిపోవాలి. స్వస్థత కూటానికి వెళ్ళినవారు మందులు మానవద్దు. ప్రార్థన చేయించుకోండి, చెప్పిన తేదీకి ఆసుపత్రికీ వెళ్ళండి.

ఆపరేషన్‌కు ముందు గురువును పిలవడానికి ఇంటివారు భయపడతారు, ఫాదర్ గారు నూనె పట్టుకుని వచ్చారంటే ఇక ఆశ లేనట్టేనని. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం చావుకే కాదు. పెద్ద ఆపరేషన్‌కు ముందు ధైర్యంగా అడిగి తీసుకోండి. ఇంకో సంగతి. సంచి నిండకూడదని కొందరు పూజకు ముందు ఏమీ తినకుండా వస్తారు. పొట్ట ఖాళీగా ఉంటే గ్యాసు ఎక్కువవుతుందే తప్ప తగ్గదు. సత్ప్రసాదానికి ముందు గంట ఉపవాస నియమం వ్యాధిగ్రస్తులకు, వృద్ధులకు, వారిని చూసుకునేవారికి వర్తించదు. ధర్మశాసనం 919లోనే ఆ వెసులుబాటు ఉంది. ఇలియోస్టమీ ఉన్నవారైతే తపస్సు కాలంలో గానీ, ఎండాకాలం యాత్రల్లో గానీ నీళ్ళు మానకూడదు. వారికి ఒంట్లోని నీరు, ఉప్పు త్వరగా పోతాయి. ఉప్పు వేసిన మజ్జిగ దగ్గర పెట్టుకోండి.

ఇంటి ఆడవారికి, సంబంధాలు చూసే పెద్దలకు ఒక మాట. సంచి ఉన్న ఆడపిల్ల పెళ్ళి చేసుకోవచ్చు, డాక్టరు సలహాతో బిడ్డల్ని కనవచ్చు. ఉద్యోగం చేయవచ్చు. స్నానం చేయవచ్చు. ఇవి తెలియక ఎన్ని జీవితాలు వాకిలి దాటడం లేదో.

ఖర్చు సంగతి వేరే. ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ వంటి పథకాలు అక్కరకు వస్తాయి. తర్వాత నెలనెలా కొనే సంచుల భారం ఎక్కువగా ఇంటివారిమీదే పడుతుంది. కూలి చేసుకునేవారు పాలిథీన్ కవరు, గుడ్డ కట్టుకుని గడుపుతున్నారు. చర్మం పుండైపోతుంది. విన్సెంట్ డి పాల్ సభవారు బియ్యం ఇచ్చినట్టే నెలకు కొన్ని సంచులు ఇవ్వకూడదా? మా సభవారు ఒక కుటుంబంతో మొదలుపెట్టారు.

చివరిగా మరుగుదొడ్డి. మన గుళ్ళకు గోపురాలు లేపాం, లూర్దుమాత గుహలు కట్టాం. నీళ్ళొచ్చే కుళాయి, లోపలి గడియ, సంచి సామాను పెట్టుకోవడానికి చిన్న అరుగు, మూతున్న చెత్తబుట్ట ఉన్న మరుగుదొడ్డి ఎన్ని గుళ్ళకు ఉంది? మా దానికి బయటి తాళం తీసేయించాను. యువతీయువకులు కుళాయి బిగించారు. పక్క తలుపు దగ్గరి చివరి బెంచీని ఖాళీగా ఉంచుతున్నాం. ఎవరికని మాత్రం ఎవరికీ చెప్పలేదు. కాళ్ళ నొప్పుల ముసలమ్మలు, పసిబిడ్డల తల్లులు కూడా అక్కడే కూర్చుంటున్నారు.

పంతులుగారు ఈస్టరు నుండి మళ్ళీ వస్తున్నారు. ఈ వ్యాసం ముందుగా ఆయనకే చదివి వినిపించాను. పేరు వద్దన్నారు, మిగతాది రాయమన్నారు. ఆపరేషన్ చెప్పగా భయపడుతున్నవారు, సంచి అతికించుకోవడం చేతకానివారు ఎవరైనా ఉంటే తన దగ్గరికి తీసుకురమ్మన్నారు. సాయంత్రం నాలుగు దాటితే ఇంట్లోనే ఉంటారు. మీ విచారణ గురువుతో చెప్పండి, వారు నాకు కబురు పంపుతారు.